చిన్న ఊళ్లో ఆర్థిక సర్వే: ఏం కావాలని అడగకుండా ఏం చేస్తున్నారని అడిగితే ఏం తేలింది?

చిన్న ఊళ్లలో ఆర్థికాభివృద్ధి మీద సర్వే అంటే చాలాచోట్ల జరిగేది ఒకటే. "మీ ఊరికి ఏం కావాలి?" అని అడుగుతారు, జనం తోచినవి ఓ పది చెబుతారు, వాటిని ఎవరెంతమంది చెప్పారో లెక్కేసి వరసగా పేరుస్తారు, రిపోర్టు తయారవుతుంది, బీరువాలోకి పోతుంది. నేను స్థానిక సంస్థల కోసం ఇలాంటి సర్వేలు చేస్తుంటాను. ఇప్పుడు చెప్పబోయే కేసులో ఆ ప్రశ్నని ఫారంలోంచే తీసేశాం. జనం డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నారు, ఏ ఆర్డర్ వదులుకున్నారు, చివరిసారి ఎవరిని పనిలోకి తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు, ఇవే అడిగాం. జవాబులు కమిటీ అనుకున్నదానికి చాలా దూరంగా వచ్చాయి.

ఇలాంటి పని నెత్తికెత్తుకున్నవాళ్లకి అక్కరకొస్తుందని మొత్తం రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. సర్వేలో తేలిన శాతాలు కూడా ఇక్కడ ఇవ్వడం లేదు. అవి ఆ ఊరివాళ్లవి, వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఊరు చిన్నది, సుమారు 600 ఇళ్లు. ఒకప్పుడు చాలా ఇళ్లకి జీతం ఇచ్చిన ఒక పెద్ద యూనిట్ మూతపడింది, ఆ స్థలం అలాగే ఖాళీగా ఉంది. స్థానిక అభివృద్ధి కమిటీ చేతిలో కొంత నిధి ఉంది. దాంతో ఆ స్థలాన్ని చదును చేసి, రోడ్డు, కరెంటు లైను వేసి, బయటి కంపెనీని రప్పించాలన్నది వాళ్ల ఆలోచన. ఆ ఆలోచనకి ఊరి మద్దతు ఉందని చూపించడానికి సర్వే కావాలి. ప్రశ్నలు కూడా ముందే రాసిపెట్టుకున్నారు. మొదటి ప్రశ్న, "మన ఊరికి పరిశ్రమ వస్తే మీకు ఇష్టమేనా?"

ఎవరు కాదంటారు? ఇంటి గుమ్మంలో నిలబడి ఒక మనిషి మర్యాదగా అడుగుతుంటే, అడిగినదానికి ఔననడమే మనుషుల సహజ ధోరణి అని సర్వేలు చేసేవాళ్లందరికీ తెలుసు. పైగా ఆ ప్రశ్నలో పోగొట్టుకునేది ఏమీ లేదు. నిధి మొత్తం దానికే పోతుందని గానీ, కంపెనీ రాకపోతే చదును చేసిన స్థలం ఖాళీగానే మిగులుతుందని గానీ అందులో లేదు.

అందుకని మొదటి సమావేశంలో ప్రశ్నల జోలికే వెళ్లలేదు. "ఈ సర్వే చూసి మీరు మార్చుకోగలిగే నిర్ణయాలు ఏవి?" అని కమిటీని అడిగాం. కాస్త ఇబ్బంది పడ్డారు, కానీ చివరికి మూడు తేల్చారు: ఖాళీ స్థలం సంగతి, పాత మార్కెట్ షెడ్డు బాగుచేయడం, యువతకి శిక్షణ. ఆ మూడింటినీ బోర్డు మీద రాసి, వాళ్ల ఫారంలో ఉన్న ఒక్కో ప్రశ్నా చదువుతూ, "దీనికి జవాబు ఇటొచ్చినా అటొచ్చినా ఈ మూడింటిలో ఏదైనా మారుతుందా?" అని అడుగుతూ వచ్చాం. మారదు అన్నదాన్ని కొట్టేశాం. ఫారం సగానికి పైగా తగ్గిపోయింది. సర్వే మొదలుపెట్టే ముందు ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, ఎందుకంటే రేపు రిపోర్టు వచ్చాక "అయితే ఇప్పుడేం చేయాలి?" అనే ప్రశ్నకి జవాబు ముందే సగం తయారై ఉంటుంది.

ఎవరిని అడగాలి

కమిటీ ఒక జాబితా ఇచ్చింది. షాపుల యజమానులు, స్కూలు హెడ్మాస్టరు, బ్యాంకు మేనేజరు, రైతుల్లో పెద్దవాళ్లు, రెండు సంఘాల నాయకులు. అందరూ గౌరవనీయులే, అందరితో మాట్లాడాల్సిందే. కాకపోతే వీళ్లంతా ఎప్పుడూ మీటింగులకి వచ్చేవాళ్లే, వీళ్ల అభిప్రాయం కమిటీకి ఇప్పటికే తెలుసు.

స్టేక్‌హోల్డర్ అన్న ఆలోచనని 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ కంపెనీల నిర్వహణ కోసం బాగా ప్రచారంలోకి తెచ్చాడు: ఒక సంస్థ చేసే పని ఎవరి మీద ప్రభావం చూపుతుందో, ఎవరు దాన్ని ప్రభావితం చేయగలరో వాళ్లంతా లెక్కలోకి వస్తారని. 1997లో మిచెల్, ఏగిల్, వుడ్ అనే ముగ్గురు దీన్ని ఇంకాస్త పదును పెట్టారు. ఒక్కో వర్గాన్నీ మూడు కోణాల్లో చూడమన్నారు: వీళ్లకి పలుకుబడి ఉందా, వీళ్లు అడగడం న్యాయమేనా, వీళ్ల అవసరం ఆగలేనంత తొందరదా. ఊళ్ల సర్వేల్లో ఈ మూడూ భలే పనికొస్తాయి. కమిటీ జాబితాలో ఉన్నవాళ్లందరికీ మొదటి రెండూ ఉన్నాయి. మూడోది మాత్రమే ఉన్నవాళ్లు, అంటే అవసరం పీకల మీద ఉన్నా పలుకుబడి లేనివాళ్లు, ఒక్కరూ లేరు.

ఎవరు వాళ్లు? తెల్లవారకముందే బస్సెక్కి వేరే ఊరికి పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. ఇంట్లోనే కూర్చుని కుట్టుపని, ప్యాకింగ్ లాంటివి చేసేవాళ్లు, వీళ్లకి బోర్డు ఉండదు కాబట్టి వ్యాపారంగా ఎవరూ లెక్కపెట్టరు. ఈమధ్యే షాపు మూసేసినవాళ్లు, నిజానికి ఊరి ఆర్థిక పరిస్థితి గురించి వీళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఊరు వదిలి వెళ్లిన యువత. మెయిన్ రోడ్డు మీద తాళం వేసిన గదుల ఓనర్లు, వాళ్లు ఎక్కడో ఉంటారు, గది ఇక్కడ ఉంటుంది.

గ్రామాభివృద్ధి మీద పరిశోధన చేసిన రాబర్ట్ చాంబర్స్ 1983లోనే చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బయటినుంచి గ్రామాలకి వెళ్లేవాళ్లు తారురోడ్డు పక్కనున్న ఇళ్లనే చూస్తారు, తిరగడానికి వీలైన పొడి కాలంలోనే వెళ్తారు, నాయకుల్ని, మగవాళ్లని, ఏదో ఒక పథకం అందినవాళ్లని ఎక్కువ కలుస్తారు, కనబడని పేదరికం అలాగే కనబడకుండా మిగిలిపోతుంది అని. మేం దాన్ని చెక్‌లిస్టులా వాడాం. ఏ వీధికి ఏ టైములో వెళ్లాం అన్నది ఒక కాగితం మీద రాసుకుంటూ, పగలు మాత్రమే వెళ్లిన వీధికి రాత్రి కూడా వెళ్లాం, తెల్లవారుజామున బస్‌స్టాప్‌లో నిలబడ్డాం.

ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకోవడం అందరూ చేసేదే, 1961లో లియో గుడ్‌మన్ ఈ పద్ధతి మీద గణితం కూడా రాశాడు. ఇబ్బంది ఎక్కడంటే, "ఇంకెవరిని కలవమంటారు?" అంటే ఎవరైనా తమ స్నేహితుల పేరే చెబుతారు. మేం ప్రశ్న మార్చాం: "రేపటినుంచి మీ పని ఆగిపోతే ఇంకెవరి పని ఆగుతుంది?" ఈ ప్రశ్నకి స్నేహంతో పనిలేదు. వెల్డింగ్ షాపాయన ఒక ఆటో డ్రైవర్ పేరు చెప్పాడు, ఆ డ్రైవర్ ఇంకో వీధిలో ఇనుప సామాను విప్పి అమ్మే దంపతుల పేరు చెప్పాడు, వాళ్లు కమిటీలో ఎవరికీ తెలియదు. ఇలా వెళ్తుంటే ఊళ్లో డబ్బు నడిచే దారులు కాగితం మీద గీతల్లా పడుతూ వచ్చాయి.

ఎంతమందిని అడగాలి

కమిటీలో ఒక పెద్దాయన, "ఎంత ఎక్కువమందిని అడిగితే అంత మంచిది కదా, ఫారాలు పంచేద్దాం, నింపి ఇచ్చినవాళ్లవి తీసుకుందాం" అన్నారు. ఆయనకి 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల కథ చెప్పాం. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, లాండన్ గెలుస్తాడని రాసింది. కానీ ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల్లోంచి పేర్లు తీసుకోవడం, ఆపైన ఓపికున్నవాళ్లే జవాబివ్వడం, రెండూ కలిసి దెబ్బకొట్టాయి. లక్షల జవాబులున్నా తప్పుడు జాబితా తప్పుడు జాబితానే.

600 ఇళ్లలో, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే సుమారు 234 ఇళ్లు చాలు. పెద్ద జనాభాకి వాడే 384 అనే సంఖ్యని ఊరి సైజుకి సరిదిద్దితే వచ్చే లెక్క ఇది, 1970లో క్రెజ్సీ, మోర్గన్ వేసిన పట్టికలోనూ ఇంతే ఉంటుంది. చిన్న ఊళ్లలో ఇదే బాధ: జనాభా తగ్గినంతగా శాంపిల్ తగ్గదు. 500 ఇళ్లకి 217, 1,000 ఇళ్లకి 278. కొందరు తలుపు తీయరు, కొందరు వద్దంటారు కాబట్టి రెండిళ్లకి ఒకటి చొప్పున 300 ఇళ్లు ఎంచుకున్నాం. మొదటి ఇల్లు చీటీ తీసి ఖాయం చేశాం. తాళం వేసి ఉంటే పక్కింట్లో అడిగేయడం మాత్రం ఒప్పుకోలేదు, మళ్లీ వెళ్లాల్సిందే. పగలు తాళం వేసి ఉన్న ఇల్లంటేనే అక్కడ పనికి బయటికి వెళ్లేవాళ్లున్నారని అర్థం, వాళ్లని వదిలేస్తే సర్వే అంతా ఇంటి దగ్గర ఉండేవాళ్ల అభిప్రాయమే అవుతుంది.

వ్యాపారాల సంగతి వేరు, అవి తక్కువ, కాబట్టి శాంపిల్ లేకుండా అన్నింటికీ వెళ్లాం. ఇంకో సంగతి కమిటీకి ముందే గట్టిగా చెప్పాం: ఆ 5 శాతం తేడా ఊరు మొత్తానికే. "మరి యువత ఏమన్నారు?" అని విడదీసి చూస్తే, అందులో 40 మందే ఉంటే, తేడా అటూ ఇటూ 15 శాతం దాటుతుంది. అలాంటి అంకెల్ని పట్టుకుని వాదించుకోకూడదు.

ప్రశ్న ఎలా అడగాలి

నా లెక్కలో ఈ కేసు మొత్తానికి ప్రాణం ఇక్కడుంది.

పైలట్‌లో, అంటే అసలు సర్వేకి ముందు కొద్దిమందితో చేసి చూసినప్పుడు, కావాలనే రెండు రకాల ఫారాలు వాడాం. ఒకటి మామూలుగా అందరూ వాడే పద్ధతి, 1932లో రెన్సిస్ లికర్ట్ మొదలుపెట్టిన స్కేలు: "ఊళ్లో ఉపాధి అవకాశాలు పెరగాలి", "మార్కెట్ సౌకర్యాలు మెరుగుపడాలి" లాంటి వాక్యాలకి పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అస్సలు ఒప్పుకోను దాకా ఐదు గళ్లు. దాదాపు అందరూ అన్నింటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. అబద్ధం కాదు, నిజంగానే అన్నీ కావాలి. కానీ దాన్నిబట్టి కమిటీ ఏ నిర్ణయమూ తీసుకోవడం కుదరదు. రెండో ఫారంలో అభిప్రాయం అన్నమాటే లేదు, అన్నీ జరిగిపోయిన సంగతులే. గత 30 రోజుల్లో ఊరి బయట ఏం కొన్నారు, అక్కడే ఎందుకు కొన్నారు? చివరిసారి వచ్చిన పనిని కాదన్నది ఎప్పుడు, ఎందుకు? చివరిసారి మనిషిని పనిలో పెట్టుకున్నప్పుడు ఆ మనిషి గురించి మీకెలా తెలిసింది? చివరిసారి మెషీన్ పాడైతే రిపేరుకి డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు?

తేడా ఎలా ఉంటుందో ఒకచోట జరిగింది చెబుతాను. ఇంటి వరండాలో కుట్టుమెషీన్ పెట్టుకున్న ఒకావిడ. మా టీమ్ అమ్మాయి మామూలుగా పలకరించింది.

"పని ఎలా ఉందక్కా?"

"బాగానే ఉందమ్మా, ఏదో నడుస్తోంది."

"ఈ నెలలో వచ్చిన పనేదైనా చేయలేనని వెనక్కి పంపారా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మెషీన్ కింద అరలోంచి పొడుగు నోట్‌బుక్ తీసింది. ఒక్కో పేజీలో పేరు, కొలతలు, ఇవ్వాల్సిన తేదీ. కొన్ని పేర్ల మీద అడ్డంగా గీత ఉంది. పూర్తయినవి కాబోలనుకుంది మా అమ్మాయి. పూర్తయినవాటికి టిక్కు పెడుతుందట, గీత కొట్టినవి ఇవ్వలేకపోయినవి. లైనింగ్ బట్ట, జిప్పులు, సరిపోయే రంగు దారం ఊళ్లో దొరకవు, టౌనుకి వెళ్తే ఆ పూట పని పోతుంది, ఒక్కో ఆర్డర్ కోసం వెళ్లడం గిట్టదు, నాలుగైదు పోగయ్యేదాకా ఆగితే తేదీ దాటిపోతుంది. "బాగానే ఉంది" అన్న జవాబుకీ ఆ గీతలకీ మధ్య ఉన్నదే మనం తెలుసుకోవాల్సిన ఆర్థిక వ్యవస్థ. ఆవిడ దాచిపెట్టలేదు. ఎలా ఉందని అడిగితే ఎవరైనా అలాగే చెబుతారు, అంతే.

తర్వాత తేలిందేమిటంటే అదే పని చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, అందరూ విడివిడిగా అదే టౌనుకి అదే సామాను కోసం వెళ్తున్నారు.

కొన్ని ప్రశ్నలు ఎంత అవసరమైనా మాట తీరు చూసుకోవాలి. వయసు మళ్లిన యజమానులు వ్యాపారం ఎవరికి అప్పజెబుతారన్నది చిన్న ఊళ్లలో చాలా పెద్ద విషయం, ఎందుకంటే ఒక్క మనిషి రిటైరైతే ఆ సేవ ఊళ్లోనే ఉండకుండా పోతుంది. "మీ తర్వాత ఎవరు చూసుకుంటారు?" అని ఎదురుగా కూర్చుని అడగలేం, బాగోదు, నొచ్చుకుంటారు. "ఇంకో పదేళ్లకి ఈ షట్టర్ ఎవరు తీస్తుంటారంటారు?" అని అడిగాం. నవ్వారు, కాస్త ఆలోచించారు, మనసులో మాట చెప్పారు. ఒక రిపేర్ షాపు పెద్దాయన తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికే ఇచ్చేద్దామని ఉందన్నాడు. ఆ కుర్రాడికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు, అతను వేరే ఊళ్లో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

గోప్యత

పెద్ద నగరంలో పేరు తీసేస్తే సరిపోతుంది. చిన్న ఊళ్లో "మహిళ, 40 ఏళ్లు పైన, ప్రింటింగ్ వ్యాపారం" అని రాస్తే పేరు రాసినట్టే, ఊళ్లో అలాంటి మనిషి ఒక్కరే ఉంటారు. అందుకే కొన్ని నియమాలు సర్వేకి ముందే రాసి కమిటీతో సంతకం పెట్టించాం. ఏ పట్టికలోనైనా ఒక గడిలో ఐదుగురికంటే తక్కువ ఉంటే ఆ గడి చూపించం, పక్కదానితో కలిపేస్తాం. జనం మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రిపోర్టులో పెట్టం, ఎందుకంటే చిన్న ఊళ్లో మాట తీరుని బట్టే మనిషిని పోల్చుకుంటారు. నింపిన ఫారాలు కమిటీకి ఇవ్వం. మధ్యలో ఒక సభ్యుడు "ఊరికే ఒకసారి చూస్తాం" అని అడిగారు కూడా. సంతకం ఉన్న కాగితం చూపించాం, ఆయన ఇంకేం అనలేదు. ముందే రాసుకోకపోతే ఆ సమయంలో కాదనడం చాలా కష్టం.

అడిగేవాళ్లు ఊరివాళ్లయితే మంచిదా, బయటివాళ్లయితే మంచిదా అన్నది తరచూ వచ్చే వాదన. ఊరి పిల్లలైతే తలుపులు తెరుచుకుంటాయి, దారులు తెలుసు. కానీ అప్పు ఎంతుందో పక్కింటి కుర్రాడికి ఎవరు చెబుతారు? మేం రెండూ కలిపాం. ఊరి యువతే వెళ్లారు, కానీ తమ వీధికి వెళ్లలేదు. అప్పు, ఆదాయం ప్రశ్నలు నోటితో అడగలేదు. గళ్లున్న చిన్న చీటీ చేతికిస్తే, వాళ్లే టిక్కు పెట్టి, మడిచి, మూతేసిన డబ్బాలో వేశారు. చదవడం రానివాళ్లకి గళ్లలో అంకెల బదులు చుక్కలు, పెద్దదీ చిన్నదీ తేడా తెలిసేలా. ఇలా వచ్చిన సమాచారంలోనే పెద్ద కొనుగోలుదారులు నెలల తరబడి బిల్లు చెల్లించకపోవడం వల్ల చిన్న యూనిట్లు వడ్డీకి తెచ్చి జీతాలిస్తున్న సంగతి బయటపడింది. మామూలుగా అడిగితే ఎవరూ చెప్పేవాళ్లు కాదు, ఆ కొనుగోలుదారులు కూడా తెలిసినవాళ్లే కాబట్టి.

ఇంటింటి సర్వేతో పాటు చిన్న బృందాలుగా కూర్చోబెట్టి కూడా మాట్లాడాం. యజమానుల్ని, పనివాళ్లని కలిపి కూర్చోబెట్టలేదు. 1971లో డెల్బెక్, వాన్ డి వెన్ చెప్పిన పద్ధతి వాడాం: ముందు ఎవరికివారు నిశ్శబ్దంగా రాసుకోవాలి, తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కో అంశం చెప్పాలి, అప్పుడే చర్చ, చివర్లో ఎవరికివారు విడిగా ర్యాంకులు. గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే చెల్లుబాటయ్యే ఊళ్లలో ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. రాయలేనివాళ్ల పక్కన మా మనిషి కూర్చుని చెవిలో చెప్పింది రాసిపెట్టారు.

ఏం తేలింది

అన్నిటికంటే విలువైనది, రెండు వర్గాలు చెప్పిన ఒకదానికొకటి పొసగని మాటల్లోంచి వచ్చింది. యజమానులు "పని ఉంది, మనుషులు దొరకడం లేదు" అన్నారు. ఇళ్లలో అడిగితే "ఊళ్లో పనెక్కడుంది, ఉంటే బయటికెందుకు పోతాం?" అన్నారు. అభిప్రాయాల సర్వే అయితే ఇక్కడితో ఆగేది, ఒకళ్లు ఒకళ్లని తప్పుపట్టుకునేవాళ్లు. పనివాళ్లు బద్ధకస్తులని యజమానులు, యజమానులు అబద్ధాలాడుతున్నారని పనివాళ్లు. కానీ మా దగ్గర "చివరిసారి మనిషిని ఎలా తీసుకున్నారు?" అన్నదానికి జవాబులున్నాయి. దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి: పనిచేసేవాళ్లలో ఎవరినో అడిగారు, వాళ్లు తమవాళ్లని తీసుకొచ్చారు. ఎక్కడా ఒక బోర్డు లేదు, ఒక కాగితం అంటించలేదు. అంటే ఎవరికైనా లోపల తెలిసినవాళ్లు ఉంటే పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రెండు వర్గాలూ నిజమే చెప్పాయి.

దానికి తోడు టైములు. వర్క్‌షాపులు పొద్దున్నే ఎనిమిదికి మొదలు. చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చే మొదటి బస్సు ఆ టైముకి రాదు. పిల్లల్ని స్కూలుకి పంపాకే ఇల్లు కదలగలిగే ఆడవాళ్లకి ఎనిమిది గంటల షిఫ్టు ఎలాగూ కుదరదు, వాళ్లలో చాలామంది నాలుగైదు గంటల పనైతే వస్తామన్నారు. యజమానులు అలాంటి షిఫ్టు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, కాదనీ అనలేదు, ఎవరూ అడగలేదంతే.

ఇక డబ్బు. ఊళ్లో సంపాదించింది ఊళ్లో నిలవడం లేదు, చిల్లుకుండలో నీళ్లలా పోతోంది. ఇది మనసుకి తెలిసిన విషయమే అయినా లెక్కగా చూపిస్తేనే కమిటీ కదిలింది. వచ్చిన ప్రతి 100లో 20 మాత్రమే ఊళ్లో మళ్లీ ఖర్చయి, అందులో మళ్లీ ఐదోవంతే ఖర్చయి, ఇలా తిరుగుతూ పోతే చివరికి మొత్తం 125 రూపాయల పని జరుగుతుంది. అదే 50 నిలిస్తే 200 అవుతుంది. ఇది ఊరి అంకె కాదు, లెక్క ఎలా పనిచేస్తుందో చూపించడానికి బోర్డు మీద వేసిందే. ఆ లెక్క చూశాక ఒక సభ్యురాలు, "అయితే బయటినుంచి కంపెనీ వచ్చినా సరుకూ మనుషులూ బయటినుంచే తెచ్చుకుంటే మనకి మిగిలేది ఇంతేగా" అంది. ఖాళీ స్థలం గురించి సర్వే మొత్తంలో అంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు.

ఇళ్లవాళ్లు ఊరి బయట కొంటున్నవాటికి కారణం అడిగితే ధర అని చెప్పినవాళ్లు మేం అనుకున్నంతమంది లేరు. పని ముగించుకుని వచ్చేసరికి ఊళ్లో షాపులు మూసేస్తారు, కాబట్టి పనిచేసే ఊళ్లోనే కొనుక్కుని వస్తారు. సబ్సిడీలు, శిక్షణలు ఏవీ అక్కర్లేని సమస్య ఇది.

ఊళ్లోవాళ్లకే తిరిగి చెప్పడం

రిపోర్టు రాయకముందే ఫలితాల్ని పెద్ద చార్టుల మీద గీసి, ప్రతి బృందానికీ విడిగా చూపించి, "ఇది మీకు నిజంలా అనిపిస్తోందా?" అని అడిగాం. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, డేటా సరిచూసుకునే పని. ఒకచోట వ్యవసాయ కూలీలు చార్టు చూసి వెంటనే పట్టేశారు: మీరు అడిగింది పనిలేని నెలల్లో, కోతల టైములో అడిగుంటే ఎవరూ ఖాళీగా ఉన్నామని చెప్పరు, అప్పుడు వర్క్‌షాపులకి కూడా మనుషులు దొరకరు అని. వాళ్లతోనే నేల మీద పన్నెండు నెలల క్యాలెండర్ గీయించాం, ఏ నెలలో పని ఎంతుందో గింజలు పేర్చి చూపించారు. రిపోర్టులో ఉపాధి అధ్యాయం మొత్తం ఆ క్యాలెండర్ చుట్టూ మళ్లీ రాశాం. శిక్షణ ఎప్పుడు పెట్టాలన్నది కూడా దాంతోనే తేలిపోయింది.

షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అభిప్రాయం అడగడం అందులో నాలుగో మెట్టే. విన్నదాన్ని పట్టించుకుంటామన్న హామీ లేకపోతే అక్కడే ఆగిపోయినట్టు అని ఆవిడ వాదన. సర్వే చేసేవాళ్లం మనం ఆ హామీ ఇవ్వలేం, ఇవ్వాల్సింది కమిటీ. అందుకే చివరి బహిరంగ సమావేశంలో ప్రతి ముఖ్యమైన అంశానికీ ఎదురుగా కమిటీ చేత మూడింట్లో ఒకటి రాయించాం: "చేస్తాం" (ఎవరు, ఎప్పటికి), "మా చేతిలో లేదు" (ఎవరిని అడగాలి), "చేయం" (ఎందుకు). "చేయం" అని రాయడానికి వాళ్లు చాలా జంకారు, కానీ కారణంతో రాసినప్పుడు జనం ఊరుకున్నారు. మాట దాటేసినప్పుడే కోపం వచ్చింది.

ఖాళీ స్థలం మీద ఖర్చు వాయిదా వేశారు, రద్దు కాలేదు. మార్కెట్ షెడ్డులో ఒక మూల ఉద్యోగాల బోర్డు పెట్టారు, యజమానులు ఖాళీలు అక్కడ రాయాలని ఒప్పుకున్నారు, అందరూ ఇంకా రాయడం లేదు. కొన్ని షాపులు వారంలో కొన్ని రోజులు ఆలస్యంగా మూస్తున్నాయి. కుట్టుపని చేసేవాళ్లు కలిసి సామాను తెప్పించుకుంటున్నారు, దానికి ఎవరి నిధీ అక్కర్లేకపోయింది, ఒకరి సంగతి ఒకరికి తెలియడమే సరిపోయింది. బస్సు టైము కమిటీ చేతిలో లేదు, కానీ ఎన్ని ఇళ్లవాళ్లు ఏ టైముకి ఎక్కడికి వెళ్తున్నారో సర్వే పట్టికతో సహా దరఖాస్తు పెట్టారు, అది నడుస్తోంది. రిపేర్ షాపు పెద్దాయన చెప్పింది మేం ఎవరికీ చెప్పకూడదు, చెప్పలేదు. కానీ వ్యాపారం చేతులు మారేటప్పుడు అప్పు, లైసెన్సు, లీజు ఎలా మార్చుకోవాలో ఒక సమాచార సమావేశం పెట్టమని కమిటీకి సూచించాం, యజమానుల్నీ వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లనీ ఇద్దర్నీ పిలవమన్నాం.

తాళం వేసిన గదుల ఓనర్లనుంచి మాత్రం చెప్పుకోదగ్గ జవాబులు రాలేదు. ఫోన్లు చేశాం, ఉత్తరాలు రాశాం. అద్దెకిస్తే మళ్లీ ఖాళీ చేయరేమోనన్న భయం కొందరి మాటల్లో వినిపించింది, కానీ గట్టిగా చెప్పేంత సమాచారం లేదు, కాబట్టి రిపోర్టులో ఆ భాగాన్ని ఖాళీగానే ఉంచి, ఖాళీ ఎందుకుందో రాశాం. వచ్చే ఏడాది ఇదే శాంపిల్ పద్ధతితో, ఒక్క మాట కూడా మార్చకుండా ఇవే ప్రశ్నలు మళ్లీ అడగాలని కమిటీ తీర్మానం చేసింది, ఈసారి కోతల నెలల్లో ఒకసారి, పనిలేని నెలల్లో ఒకసారి. ఓనర్ల ఫోన్ ఇంటర్వ్యూలు వాటికంటే ముందే మొదలవుతాయి.